పని లేని ఊరా, మనిషి దొరకని ఊరా?

2020–21లో దేశ ఆర్థిక వ్యవస్థ దాదాపు 6 శాతం కుంచించుకుపోయింది. అదే ఏడాది దేశంలోని పల్లెల్లో నిరుద్యోగం తగ్గింది. రెండూ ప్రభుత్వ లెక్కలే. కేంద్ర గణాంక శాఖ జరిపే శ్రామిక సర్వే ప్రకారం, 15 ఏళ్ళు దాటిన గ్రామీణుల్లో నిరుద్యోగం 2017–18లో 5.3 శాతం, మరుసటి ఏడు 5.0, ఆ తర్వాత 3.9, మహమ్మారి ఏడాది 3.3. హైదరాబాదు హాస్టళ్ళు ఖాళీ అయి, సిమెంటు బట్టీలు ఆరిపోయి, వలస కూలీలు పిల్లల్ని భుజాన వేసుకుని హైవేల వెంట నడిచిన ఏడాదిలో పనిలేనివాళ్ళు తగ్గారంటే ఎట్లా అర్థం చేసుకోవాలి?

ఈ ప్రశ్న అడగడానికి ముక్త్యాల తగిన చోటు. జగ్గయ్యపేట మండలంలో కృష్ణ ఒడ్డున ఉన్న ఊరు. ఎగువన పులిచింతల ప్రాజెక్టు, అవతలి ఒడ్డున పల్నాడు, జగ్గయ్యపేట దాటితే తెలంగాణ. పత్తి, మిరప, సాగర్ ఎడమ కాలువ నీళ్ళు అందినచోట వరి, నేల అడుగున సున్నపురాయి. ఆ రాయి కోసమే ముక్త్యాలలో కె.సి.పి. సిమెంటు ఫ్యాక్టరీ, జయంతిపురంలో రామ్‌కో ఫ్యాక్టరీ వచ్చాయి. సేద్యం, పరిశ్రమ, హైవే, సరిహద్దు అన్నీ ఒక్క మండలంలోనే తగులుతాయి.

కింద మాట్లాడే ఇద్దరూ నేను కల్పించిన మనుషులు. వాళ్ళ వాదాలు నందిగామ, జగ్గయ్యపేట మెట్ట ఊళ్ళలో వినపడేవే. మేనమామ ముక్త్యాలలో పత్తి, మిరప వేసే రైతు. మేనకోడలు విజయవాడలో ఉంటూ శ్రామిక సర్వే కోసం ఇల్లిల్లూ తిరిగి వివరాలు రాసే అమ్మాయి. నాకు ఆమె వాదమే ఎక్కువ సరైనదనిపిస్తుంది. అయినా ఆయన మాట వినకుండా ఆ వాదం పూర్తి కాదు.

మేనమామ: నీ సర్వే సంగతి తర్వాత చూద్దాంగానీ అమ్మాయ్, ఒక్కటి చెప్పు. ఊళ్ళల్లో పని లేదంటారు మీరంతా. మరి మిరప కోతకి మనుషులేరి? సంక్రాంతి వెళ్ళిందగ్గర్నుంచీ ఫోన్లు చేస్తానే ఉన్నా. మన ఊరి కూలి ముఠాల్ని ముందే మాట్లాడేసుకున్నారు. కర్నూలు వైపు నుంచి వచ్చినోళ్ళకి చేను గట్టునే గుడారాలు వేయించి, బియ్యం ఇచ్చి, రానూపోనూ చార్జీలు పెట్టుకుని కోయించుకుంటున్నాం. పని లేని ఊరికి అంత దూరం నుంచి పని కోసం వస్తారా?

మేనకోడలు: మనుషులు దొరకడం లేదన్నది నిజమే మావయ్యా. ఆ కోతలు ఎప్పటిదాకా ఉంటాయి?

మేనమామ: జనవరి నుంచి మార్చి దాకా. ఆలస్యంగా వేసినోళ్ళకి ఏప్రిల్ మొదట్లో కూడా ఉంటయ్. దానికి ముందు దసరా దాటిందగ్గర్నుంచి పత్తి తీతలు.

మేనకోడలు: మే నెలలో?

మేనమామ: మేలో ఎవరికి పనుంటుంది? అందుకేగా ఉపాధి హామీ కింద కరువు పని పెట్టింది.

మేనకోడలు: నేను చెప్పేది కూడా అదే. ఫిబ్రవరిలో ఒక మనిషి కోసం ముగ్గురు రైతులు పోటీ పడతారు. మే వచ్చేసరికి ఆ మనిషినే పిలిచేవాళ్ళుండరు. ఏడాది మొత్తానికి కలిపి ఒక్క మాటలో “పని ఉంది” అని రాసుకుంటే ఫిబ్రవరి మిగులుతుంది, మే మాయమవుతుంది. మా సర్వేలో ఏడాది లెక్క ఎట్లా తీస్తామో చెబుతా వినండి. గడిచిన ఏడాదిలో మనిషి ఎక్కువ కాలం ఏం చేసిందో ముందు రాస్తాం. ఎక్కువ కాలం పని లేకపోయినా, మొత్తం మీద 30 రోజులకు తగ్గకుండా ఏదో ఒక పని చేసి ఉంటే ఆమెను పనిలో ఉన్నవాళ్ళలోనే కలుపుతాం. వారం లెక్కయితే ఇంకా సులువు. గడిచిన 7 రోజుల్లో ఏ ఒక్కరోజు ఒక గంట పని చేసినా చాలు.

మేనమామ: గంటా? గంట చేస్తే వారమంతా పని ఉన్నట్టేనా?

మేనకోడలు: ఒక గంట లెక్క ప్రపంచమంతా ఉన్నదే. నెలజీతం మీద బతికేచోట ఆ కొలత నడుస్తుంది. అక్కడ ఉద్యోగం ఉంటే ఉంటుంది, పోతే పోతుంది. సేద్యంలో అట్లా తేల్చి చెప్పలేం. మన పల్లెల నిరుద్యోగాన్ని ఒక్క అంకెలో చెప్పడం తగదని దంత్‌వాలా కమిటీ 1970లోనే తేల్చింది. ఆ తర్వాత 1972–73 నమూనా సర్వే నుంచి రోజువారీ లెక్క కూడా తీశారు. పూట పని ఉంటే సగం రోజు, లేకపోతే సున్నా. కూలి మనిషి బతుక్కి దగ్గరగా వచ్చిన లెక్క అదొక్కటే. 2017–18లో మా ఈ కొత్త సర్వే మొదలయ్యాక ఆ అంకె ప్రకటించడం మానేశారు.

(ఈ రోజువారీ లెక్క పోవడం చిన్న సంగతి కాదు. మెట్ట ప్రాంతపు మాంద్యం మనుషుల్ని పనిలోంచి పూర్తిగా తీసెయ్యదు. వారానికి ఆరు రోజుల పనిని మూడు రోజులు చేస్తుంది. మూడు రోజులు చేసినా మనిషి “ఉద్యోగి”గానే ఉంటుంది కాబట్టి ఆ కోత నిరుద్యోగ పట్టికలోకి ఎక్కదు.)

మేనమామ: సరే, కరోనా ఏడాదే తీసుకో. 2020 మార్చి 25న మన గరికపాడు చెక్‌పోస్టు దగ్గర ఏం జరిగింది? హైదరాబాదులో హాస్టళ్ళు మూసేస్తే, పోలీసులిచ్చిన పాసులు పట్టుకుని బండ్ల మీదా కార్లలోనూ బయల్దేరిన పిల్లలు వేలమంది అక్కడ ఆగిపోయారు. సరిహద్దు మూసేశారు. ఆ రోడ్డు మీద నీళ్ళకీ తిండికీ ఎంత అవస్థ పడ్డారు! చివరికి ఎక్కడికి చేరారు? ఊళ్ళకేగా. పట్నం పొమ్మంది, ఊరు రమ్మంది. ఏ ఇంట్లోనూ అన్నం లేదనలేదు. ఆ తర్వాతి మూడు నెలల్లో దేశమంతా పడిపోతే పెరిగింది సేద్యం ఒక్కటే. ఆ మాట చెప్పింది మీ లెక్కలోళ్ళే.

మేనకోడలు: అవును. ఏప్రిల్ నుంచి జూన్ దాకా జీడీపీ 23.9 శాతం పడిందని మొదటి అంచనా, వ్యవసాయం 3.4 శాతం పెరిగిందని అందులోనే ఉంది. ఊరు అన్నం పెట్టిందన్న మాట నేను ఎన్నటికీ కాదనను. కానీ మావయ్యా, అన్నం పెట్టడమూ పని ఇవ్వడమూ ఒకటి కావు. మన బావ సంగతే చూడండి. బీటెక్ చదివి హైదరాబాదులో జీతం తెచ్చుకునేవాడు. ఆ వేసవిలో వచ్చి ఏం చేశాడు?

మేనమామ: ఏం చేస్తాడు, నాతో చేనికొచ్చాడు. కల్లంలో కాయలు ఎండబెట్టించాడు, టిక్కీలు తొక్కించాడు, జూన్‌లో పత్తి గింజలు పెట్టించాడు. పాపం, బాగానే కష్టపడ్డాడు.

మేనకోడలు: బావ వచ్చినందువల్ల ఆ ఏడాది దిగుబడి పెరిగిందా?

మేనమామ: దిగుబడి వానని బట్టి, తెగుళ్ళని బట్టి. వాడి వల్ల పెరిగేదేముంది? ఇద్దరు కూలోళ్ళని తగ్గించుకున్నా, అంతే.

మేనకోడలు: మా ఫారంలో మనిషి చేసే పనికి అంకెలుంటాయి. నెలజీతానికి 31. రోజు కూలికి 51. పని కోసం చూస్తూ దొరకనివాళ్ళకి 81. ఇంటి సేద్యంలో జీతం లేకుండా సాయం చేసేవాళ్ళకి 21. హైదరాబాదులో ఉద్యోగం ఆగిపోయిన బావ 31 నుంచి 81కి పోలేదు. 21కి వచ్చాడు. 21 అంటే పనిలో ఉన్నట్టే. మీరు తగ్గించుకున్న ఇద్దరూ వేరేచోట వారానికి ఒకరోజు దొరికించుకున్నా 51, వాళ్ళూ పనిలో ఉన్నట్టే. చేలో జరగాల్సిన పని పెరగలేదు. దాన్ని పంచుకునే చేతులు పెరిగాయి, కూలి డబ్బు తగ్గింది. లెక్కలో మాత్రం ఉపాధి పెరిగింది! ఇది ఒక్క మీ ఇంట్లోనే జరగలేదు. దేశంలో పనిచేసేవాళ్ళలో వ్యవసాయం మీద ఉన్నవాళ్ళు 2018–19లో 42.5 శాతం. 2020–21కి 46.5. దశాబ్దాల తరబడి తగ్గుతూ వచ్చిన వాటా రెండేళ్ళలో వెనక్కి తిరిగింది.

మేనమామ: ఇంటి పని చేసుకుంటే అది పని కాదంటావా? నేనూ మీ అత్తా జీవితమంతా చేసింది అదే. మేమిద్దరం నిరుద్యోగులమా?

మేనకోడలు: ఆ పనిని తక్కువ చేసి మాట్లాడటం లేదు మావయ్యా. అత్త తెల్లారకముందు లేచి గేదెల పని చూసి, వంట చేసి, చేనికి వచ్చి సాయంత్రం దాకా వంగి కోస్తుంది. ఆమె పనిలో ఉన్నట్టు రాయడం న్యాయమే. పైపెచ్చు, చాలాకాలం ఆమెలాంటివాళ్ళకి ఇంటిపని కోడ్ 92 వేసి వదిలేశారు. నా అభ్యంతరం వేరు. ఆమెకు డబ్బు రాని పనినీ బావకు డబ్బు వచ్చిన ఉద్యోగాన్నీ ఒకే గంపలో వేసి మొత్తం పెరిగిందని సంతోషిస్తే, పోయిందేమిటో ఎవరికీ కనపడదు.

(ఇక్కడ నేనొక మాట చెప్పాలి. గ్రామీణ భారతంలో 15 ఏళ్ళు దాటిన ఆడవాళ్ళలో శ్రామికుల కింద లెక్కకు వచ్చినవాళ్ళు 2017–18లో 24.6 శాతం, 2023–24లో 47.6 శాతం. ఆరేళ్ళలో దాదాపు రెట్టింపు. ఆరేళ్ళలో పల్లెల్లో ఆడవాళ్ళకు ఉద్యోగాలు రెట్టింపు కావడం ఎవరూ చూడలేదు. పెరిగినదాంట్లో పెద్ద భాగం సొంత సేద్యం, ఇంటి వ్యాపారంలో సాయం. మగవాళ్ళ సంపాదన తగ్గినప్పుడు కూలి మనిషిని పెట్టుకోలేని ఇల్లు ఆ పనిని ఇంటి ఆడమనిషి మీద వేస్తుంది. ఆ భారం పట్టికలోకి చేరేసరికి పురోగతిగా కనపడుతుంది. ఈ మొత్తం వ్యవహారంలో నన్ను ఎక్కువ బాధపెట్టే అంకె ఇదే.)

మేనమామ: నన్నడిగితే నిరుద్యోగమన్నదే పట్నపు మాట. మాకు పని ఎప్పుడూ ఉంటుంది, ధర ఉండదు. నీకు గుర్తుందా, 2017 వేసవి? మిరప క్వింటా మూడు నాలుగు వేలకి పడిపోయింది. ఏప్రిల్ 28న ఖమ్మం యార్డులో రైతులు తిరగబడ్డారు, వాళ్ళ చేతులకి సంకెళ్ళు వేసి కోర్టుకి తీసుకుపోయారు. కేంద్రం 5 వేలకి కొంటానంది, మన రాష్ట్రం క్వింటాకి 1,500 కలుపుతానంది. అప్పటికే సగంమంది అయినకాడికి అమ్ముకున్నారు. మళ్ళీ 2025లో అదే వరస, కేంద్రం 11,781 అని ఒక ధర ప్రకటించాల్సి వచ్చింది. మధ్యలో 2021–22లో నల్ల తామర పురుగు పూతంతా తినేసింది. రైతు చచ్చేది ధరతో, పురుగుతో, అప్పుతో. వీటిని లెక్కపెట్టండి. ఎంతమందికి పనుంది, ఎంతమందికి లేదు అనేది తర్వాత.

మేనకోడలు: అప్పు లెక్క ఉంది మావయ్యా. 2019 నమూనా సర్వేలో మన రాష్ట్రంలో నూటికి 93 సేద్యపు కుటుంబాలు అప్పుల్లో ఉన్నాయని తేలింది, దేశంలోనే ఎక్కువ. ఒక్కో ఇంటికి సగటున 2 లక్షల 45 వేలు. కానీ ధర పడితే ఆ దెబ్బ రైతు దగ్గరే ఆగుతుందా? 2017లో మీరు ఆఖరి కోత కోయించారా?

మేనమామ: ఎక్కడ కోయించాను? కోత కూలి కూడా గిట్టకపోతే. తాలు, మచ్చకాయ ఎక్కువ. చెట్టుకే వదిలేసి దున్నించా.

మేనకోడలు: ఆ కోతకి రావాల్సిన ముఠా?

మేనమామ: ఇంకో చోటికి పోయి ఉంటారు.

మేనకోడలు: అందరూ దున్నించేస్తుంటే ఎక్కడికి పోతారు? గుంటూరు యార్డులో ధర పడిన వారమే ముక్త్యాలలో పదిమంది ఆడవాళ్ళకి పది రోజుల కూలి పోయింది. పురుగు పూత తిన్న ఏడాది అంతకన్నా ఎక్కువ పోయింది. మీరు ధర అంటున్నారు, నేను పని అంటున్నాను. మీ నష్టానికి గుంటూరు యార్డులో రోజూ రాసే ధర ఒకటుంది. దాన్ని పట్టుకుని మీరు ప్రభుత్వాన్ని అడగగలరు. వాళ్ళ నష్టానికి అంకె లేదు.

మేనమామ: దానికీ మూలం నీళ్ళే. మన రాజావారు రామగోపాలకృష్ణ మహేశ్వర ప్రసాద్ గారు నందికొండ దగ్గర సాగర్ ఆనకట్ట కావాలని ఎంత పట్టుబట్టారు! 1955 డిసెంబరులో నెహ్రూ శంకుస్థాపన చేశాడు, 1967 ఆగస్టులో కాలువలకి నీళ్ళొదిలారు. మెట్టకి రెండు చేతులా పని వచ్చింది అప్పుడే. 2002 నుంచి 2004 దాకా కృష్ణకి వరద రాక సాగర్ ఎండితే ఆ పని మళ్ళీ పోయింది. అప్పుడు ఏ మాంద్యం ఉంది దేశంలో?

మేనకోడలు: దేశంలో లేదు. 2003–04లో దేశం బాగా పెరిగింది కూడా. మన మాంద్యం మనది, దేశపు మాంద్యంతో కలిసి రాదు. అందుకే దేశపు సగటు, రాష్ట్రపు సగటు మనకి అక్కరకు రావంటున్నాను. జిల్లా సగటు కూడా రాదు.

మేనమామ: జిల్లాది కూడా ఎందుకు రాదు?

మేనకోడలు: మనకే జరిగిన సంగతి చెబుతా. ఉపాధి హామీ పథకం 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో మొదలైంది. వెనకబడిన జిల్లాలకి ముందు, మిగతావాటికి తర్వాత. ఆ వరసలో నల్లగొండ, ఖమ్మం మొదటి విడతలోనే ఉన్నాయి. గుంటూరుకి 2007లో వచ్చింది. కృష్ణాకి 2008 ఏప్రిల్‌లో, అందరికన్నా చివర. ఎందుకు? డెల్టా వరి, విజయవాడ వ్యాపారం కలిసి జిల్లా సగటును పైకెత్తాయి. ముక్త్యాల మెట్ట ఆ సగటు కింద పడిపోయింది. మనలాంటి పత్తి చేలే ఉన్న కోదాడ వైపు కూలి మనిషికి పని హక్కు వచ్చిన రెండేళ్ళకి ఇక్కడికి వచ్చింది. ఏరు దాటితే మాదిపాడు, అక్కడికి ఏడాది ముందే వచ్చింది. బల్లకట్టు ఎక్కితే దిగేంత దూరం!

మేనమామ: ఇది నాకు తట్టలా. అప్పట్లో కోదాడ వైపు చుట్టాలు కరువు పనికి పోతున్నామంటే, మనకి లేదేంటా అనుకున్నాం.

మేనకోడలు: ఇప్పుడు 2022 ఏప్రిల్ 4 నుంచి మనది ఎన్టీఆర్ జిల్లా. విజయవాడ నగరమంతా ఇందులోనే. శ్రామిక సర్వేలో 2025 జనవరి నుంచి జిల్లాను నమూనాకి ప్రాతిపదికగా తీసుకున్నారు, మంచి మార్పే. అయినా విజయవాడనీ ముక్త్యాలనీ కలిపితే వచ్చే అంకె ఎవరిది? ఇంకొకటి వినండి. 2025కి ముందు మూడు నెలలకోసారి వచ్చే నిరుద్యోగ అంకెలు పట్టణాలకే. 2020 ఏప్రిల్–జూన్‌లో పట్టణ నిరుద్యోగం 20.8 శాతమని ప్రభుత్వమే చెప్పింది. పల్లెలకి ఆ మూడు నెలల అంకె అసలు లేదు. లాక్‌డౌన్‌కి కొద్ది రోజుల ముందే మార్చిలో మా క్షేత్ర పని ఆపేశారు, జూన్‌లో మళ్ళీ మొదలుపెట్టారు. ఆ వారాల్లో ఏ ఇంటి తలుపూ ఎవరూ తట్టలేదు.

(అమెరికాలో 3,000కు పైగా కౌంటీలున్నాయి. మన జిల్లా కన్నా చిన్నవి చాలా. ప్రతిదానికీ నెలనెలా నిరుద్యోగ శాతం ప్రకటిస్తారు. 2008–09 మాంద్యంలో ఇండియానా రాష్ట్రంలోని ఎల్క్‌హార్ట్ కౌంటీలో బండ్ల మీద కదిలే ఇళ్ళు తయారుచేసే కార్ఖానాలు మూతపడ్డాయి. ఆ ఒక్క కౌంటీ అంకె ఎంత వేగంగా పెరిగిందో దేశమంతా చూసింది. అధ్యక్షుడు ఒబామా 2009 ఫిబ్రవరిలో అక్కడికి వెళ్ళి మాట్లాడాడు. అంకె ఉంది కాబట్టే ఆ ఊరి పేరు బయటికొచ్చింది.)

మేనమామ: వాళ్ళకీ మనకీ పోలికేంటి? అక్కడ పని పోతే భృతి ఇస్తారు. దానికోసం మనిషి వచ్చి పేరు రాయించుకుంటాడు, లెక్క దానంతటదే వస్తుంది. ఇక్కడ పని లేదని చెప్పుకుంటే మన కూలోడికి ఒరిగేదేంటి? ఖాళీగా కూర్చుంటే సాయంత్రానికి పొయ్యి వెలగదు. ఏదో ఒకటి చేస్తాడు. నిరుద్యోగిగా ఉండటానికి కూడా కాస్త కలిమి ఉండాలమ్మా. తల్లిదండ్రులు పెట్టగలిగినోడే పరీక్షలు రాసుకుంటూ కూర్చుంటాడు.

మేనకోడలు: మీరు చెప్పిన ఈ ముక్కే ఆర్థికవేత్తలు పుస్తకాల్లో రాస్తారు మావయ్యా. అందుకే మన రాష్ట్రంలో నిరుద్యోగం మొత్తం మీద చిన్న అంకెగా, చదువుకున్న పిల్లల్లో పెద్ద అంకెగా కనపడుతుంది. 2023–24లో 15 నుంచి 29 ఏళ్ళవాళ్ళలో దేశంలో 10.2 శాతమైతే మన రాష్ట్రంలో 17.5. 2019లో గ్రామ, వార్డు సచివాలయాల్లో 1.26 లక్షల ఉద్యోగాలకి 21 లక్షలకు పైగా దరఖాస్తులొచ్చాయి. వాళ్ళలో మన మెట్ట పిల్లలు ఎంతమందో!

మేనమామ: ఆ పిల్లలు సిమెంటు ఫ్యాక్టరీలో ఎందుకు చేరరు? ఊళ్ళోనే ఉందిగా.

మేనకోడలు: సిమెంటు కొండంత యంత్రం, గుప్పెడు మనుషులు. పెద్ద బట్టీని నడిపేది కంట్రోల్ రూంలో కూర్చున్న కొద్దిమంది. లోడింగు, లారీలు, క్వారీ పని కాంట్రాక్టు మీద నడుస్తాయి. ఇళ్ళు కట్టడం ఆగితే ముందు ఆగేది ఆ కాంట్రాక్టు పనే. 2020 ఏప్రిల్‌లో దేశంలో సిమెంటు ఉత్పత్తి అంతకుముందు ఏప్రిల్‌తో పోలిస్తే 85 శాతం దాకా పడిపోయింది. పర్మినెంటు ఉద్యోగి జీతం ఆలస్యమై ఉండొచ్చు. లారీ క్లీనరుకి ఆ నెల అసలు లేదు. ఫ్యాక్టరీ వద్దని నేననను. ఫ్యాక్టరీ ఉంది కాబట్టి ఊళ్ళో పని ఉందనుకోవద్దంటాను.

మేనమామ: సరే, మరి ఏం చెయ్యమంటావ్? మండలానికో సర్వే పెట్టమంటావా?

మేనకోడలు: సర్వే కన్నా దగ్గరిది ఒకటుంది. మీరు ఇందాక భృతి అన్నారు. 2005 ఉపాధి హామీ చట్టంలోనే భృతి పెట్టారు. కూలి మనిషి పని అడిగితే తేదీ వేసి రసీదు ఇవ్వాలని రాశారు. 15 రోజుల్లో పని చూపించకపోతే నిరుద్యోగ భృతి ఇవ్వాలన్నారు. ఆ రసీదులు నిజంగా ఇచ్చి ఉంటే, ఏ ఊళ్ళో ఏ నెలలో ఎంతమంది పని అడిగారో, ఎంతమందికి దొరకలేదో మండలంవారీగా మన చేతిలో ఉండేది. అమెరికా కౌంటీలకి ఉన్నటువంటి లెక్క మనకీ ఇరవై ఏళ్ళుగా ఉండేది. జరిగిందేమిటి? పని మంజూరైనప్పుడు ఫీల్డ్ అసిస్టెంటు చెబుతాడు, అప్పుడు వెళతారు. అడిగినట్టు రాత తర్వాత పడుతుంది. దొరికిన పనే కాగితం మీద ఉంటుంది, దొరకని పని ఉండదు.

మేనమామ: ఆ పథకం వల్లే కూలోళ్ళు మాకు దొరకడం లేదు. అక్కడ పది గంటలకి ఇంటికొస్తారు, మా దగ్గర సాయంత్రం దాకా వంగాలి. ఎవడొస్తాడు?

మేనకోడలు: 2020–21లో మన రాష్ట్రంలో ఉపాధి కూలి 237 రూపాయలు, 2025–26లో 307. మిరప కోతకి మీరెంత ఇస్తున్నారు?

మేనమామ: దానికన్నా ఎక్కువే. ఆటో ఖర్చు వేరే.

మేనకోడలు: మరి ఎక్కువ కూలి వదిలి తక్కువ దానికి ఎందుకు పోతారు? పైగా మన రాష్ట్రంలో ఉపాధి పనుల్లో ఎక్కువ భాగం ఏప్రిల్ నుంచి జూన్ దాకానే జరుగుతాయి. మీ కోతలు అప్పటికి అయిపోతాయి. మహమ్మారి ఏడాది ఊరు అందరికీ అన్నం పెట్టిందన్నారు. ఆ అన్నంలో ఈ పథకం పాలు ఎంతో చూడండి. బడ్జెట్‌లో 61,500 కోట్లు ఉంటే మే నెలలో ఇంకో 40 వేల కోట్లు కలపాల్సి వచ్చింది. 2019–20లో దేశం మొత్తం మీద 265 కోట్ల పనిదినాలు, మరుసటి ఏడు 389 కోట్లు. అంత పెరిగినా ఒక్కో కుటుంబానికి దక్కింది సగటున సుమారు 52 రోజులు.

మేనమామ: ఇప్పుడు కొత్త చట్టం వచ్చిందిగా, 2025 డిసెంబరులో. 125 రోజులు ఇస్తారంట. విత్తనాలప్పుడు, కోతలప్పుడు మొత్తం 60 రోజులు ఆపుకోవచ్చంట. అది మంచి పని. జనవరి, ఫిబ్రవరి ఆపితే నా కోతలకి మనుషులుంటారు.

మేనకోడలు: జనవరి, ఫిబ్రవరి మీకు. డెల్టాలో వరి కోతలు నవంబరు, డిసెంబరు. ఒకే జిల్లాలో పత్తి, మిరప, మాగాణి, మామిడి ఉన్నాయి. ఏ 60 రోజులు?

మేనమామ: మండలానికి మండలం వేరుగా పెట్టుకోవచ్చు. కుదరకపోతే పంచాయతీకి పంచాయతీ.

మేనకోడలు: పెట్టుకోవచ్చు. 2021–22లాంటి ఏడాది వస్తే? డిసెంబరులోనే పురుగు చేను తినేసింది, జనవరిలో కోతలు లేవు, ఉపాధి పని ఆపేసి ఉంది. ఆ రెండు నెలలు ముఠా ఏం తింటుంది? కోత లేదన్న సంగతి మండలాఫీసుకి ఎవరు చెబుతారు? ఏ కాగితం చూపిస్తారు?

మేనమామ: మేస్త్రి చెబుతాడు. ముఠా మేస్త్రి దగ్గర పుస్తకముంటుంది. ఏ రోజు ఎవరి చేనికి ఎంతమందిని తోలాడో, ఎంత కూలో, ఆటోకెంతో అన్నీ రాసుకుంటాడు. నీ సర్వే కన్నా ఆ పుస్తకంలో ఎక్కువుంటుంది. ఒకసారి చూడు, కావాలంటే నేను అడిగి ఇప్పిస్తా.

మేనకోడలు: తప్పకుండా చూస్తాను. పని లేని రోజులు కూడా రాస్తాడా?

మేనమామ: అవి ఎందుకు రాస్తాడు? డబ్బు చేతులు మారని రోజున రాసేదేముంది?

మేనకోడలు: అయితే ఆ రోజులు కూడా రాయించండి మావయ్యా. ఆ పేజీలు గ్రామసభలో చదివాక, మన పంచాయతీలో ఏ 60 రోజులు ఆపాలో మాట్లాడుకుందాం.

మేనమామ: రాయిస్తా. కానీ ఆ సభలో నేను మాత్రం జనవరి, ఫిబ్రవరే అడుగుతా.

మేనకోడలు: అడగండి. కూలికెళ్ళే ఆడవాళ్ళని కూడా ఆ సభకి పిలిపించండి.